పెట్టె మనది, తాళంచెవి ఎవరిది?

సాంఘిక సంక్షేమ హాస్టల్లో మన పిల్లకి తనదంటూ ఉండేది ఒక్క ట్రంకుపెట్టె. బట్టలు, పుస్తకాలు, అమ్మ కొంగున ముడి విప్పి ఇచ్చిన డబ్బులు అన్నీ అందులోనే. దానికి నాసిరకం తాళం! ఒకదాని చెవి ఇంకోదానికీ పడుతుంది. డబ్బులు పోతే "మీలో మీరే దొంగలు" అని పిల్లల్నే తిడతారు. ఇదేం న్యాయం?

మేం అడుగుతున్నాం. ఆరు లీవర్ల తాళం ఇవ్వండి. లీవర్లు పెరిగితే పరాయి చెవి పడడం కష్టం. రెండో చెవిని పేరు రాసి, కవర్లో సీలు వేసి ఉంచండి. చెవి పోయినా, పెట్టె చేతులు మారినా తాళం మార్చాల్సిందే. తనిఖీ అయినా సరే, పిల్ల ఎదుటే తెరవాలి.

తల్లిదండ్రులారా! హాస్టల్‌కెళ్తే అన్నం చూసినట్టే తాళమూ చూడండి. చెవులన్నీ వార్డెన్ గుప్పిట్లో ఉంటే పెట్టె మనదెట్లా అవుద్ది? నిలదీసి అడగండి!