బాల్యమందలి భయము – పెద్దతనమందలి మెదడు

మొక్కై వంగనిది మానై వంగునాయని మన పెద్దలు చెప్పుదురు. పిల్లలను చిన్ననాడే దిద్దవలెననుట నిజమే. కాని వంచుటకును విఱుచుటకును గల భేదమును మఱచి కొందఱు ఈ సామెతను బెత్తమునకు సాక్షిగా నిలుపుచున్నారు. దీనిని గూర్చి మా యభిప్రాయమును తలిదండ్రులకును, తోడి యుపాధ్యాయులకును విన్నవించుచున్నాము.

భయము కలిగినపుడు మూత్రపిండములపై నుండు గ్రంథులనుండి కార్టిసాల్ అను హార్మోను నెత్తురులో గలియును. కొంతసేపటికి అది తగ్గినచో హాని లేదు. పరీక్షనాటి గుండెదడ యట్టిది. దినదినమును భయపడుచు, ఓదార్చువారు లేక పెరుగు శిశువునందు మాత్రము ఈ యేర్పాటే క్రమము తప్పును. జ్ఞాపకశక్తికి ఆధారమగు హిప్పోకాంపస్, భయమును పసిగట్టు అమిగ్డలా అను మెదడు భాగములు దాని ప్రభావమునకు లోనగును.

రుమేనియా దేశపు అనాథశాలల చరిత్ర చూడుడు. 1989లో చౌషెస్కు ప్రభుత్వము కూలునాటికి అచ్చట వేలకొలది శిశువులు ఆదరణ లేక పడియుండిరి. వారిలో గొందఱిని బ్రిటిషు కుటుంబములవారు దత్తు తీసికొనిరి. వారిలో 67 మంది యౌవనులైన పిమ్మట వారి మెదళ్లను పరీక్షించి, లండను కింగ్స్ కళాశాల పరిశోధకులు 2020లో ఫలితములను ప్రకటించిరి. అట్టి లేమి నెఱుగని దత్తసంతానపు మెదళ్లకంటె వీరివి సగటున 8.6 శాతము చిన్నవి. శాలలో గడపిన నెలలు హెచ్చినకొలది ఆ కొఱతయు హెచ్చెను. ఇంచుమించు 20 ఏండ్లు మంచి యిండ్లలో పెరిగినను ఆ గుఱుతు మాయలేదు!

ఆ శాలల దుస్థితియు మన యిండ్లలోని కోపతాపములును సమానములని మేము చెప్పము. అయినను ఆ శిశువులకు కొఱవడినది అన్నమొక్కటే కాదు. ఏడ్చినపుడు ఎత్తుకొను మనిషియు కొఱవడెను. 2000లో బుఖారెస్టు నగరమున మొదలైన పరిశోధనలో 136 మంది శిశువులలో సగము మందిని పెంపుడు కుటుంబముల కప్పగింపగా, శాలలకే విడువబడినవారికంటె వీరు బుద్ధియందు మెఱుగైరి. ఎంత చిన్నవయస్సున చేరిన అంత మేలు కలిగెను. కావున నిరాశ తగదు, ఆలస్యమును తగదు.

“మేమును దెబ్బలు తినియే పెద్దవారమైతిమి” అని కొందఱు తండ్రులందురు. అయ్యా, మిమ్ము నిలిపినది ఆ దెబ్బలా? ఆ సాయంకాలము మీ కన్నీరు తుడిచిన నాయనమ్మ కొంగు కాదా? సామెతల గ్రంథమందలి బెత్తమును చూపువారు కాపరి దండమును తలంపవలెను. అది మందను నడుపుటకే గాని గాయపఱచుటకు గాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టమును బడిలో దేహదండనమును, మనోవేదన కలిగించుటను నిషేధించినది.

ప్రతి బాలునికిని, ప్రతి బాలికకును నిర్భయముగా చేరదగిన పెద్ద యొక్కరైన నుండవలెననుట మా మనవి. పాఠము నేర్చుకొనని బాలుని గద్దించుటకు ముందు, “రాత్రి అన్నము తింటివా? నిద్ర పట్టినదా?” అని యడుగుదము.