అస్లం ఖాన్ మళ్లీ రాలేదేం?

2015 జూలైలో ‘బాహుబలి’ తొలి భాగం వచ్చింది మొదలు 2017 ఏప్రిల్‌లో రెండవ భాగం విడుదలయ్యే వరకు, బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడన్నదే ప్రజల నోట నానిన ప్రశ్న. కట్టప్ప తరతరాల బానిసగా ఎందుకున్నాడని అడిగినవారు అరుదు. అతనికి విముక్తి ఇప్పిస్తానన్నది సుదీప్ ధరించిన ఆయుధ వ్యాపారి అస్లం ఖాన్. అవసరమైతే తోడుంటానని మాట ఇచ్చిన ఆ మనిషి రెండవ భాగంలో కానరాడు. నిడివి చాలలేదంటారేమో! శత్రువులైన కాలకేయులకు నల్లని దేహాలు పులిమి, మదన్ కార్కి చేత ‘కిలికి’ అనే భాషనే సృష్టింపజేసిన శ్రద్ధ మిత్రుడైన ముస్లిం పాత్రకు ఒక సన్నివేశంతోనే ఎందుకు చెల్లిపోయింది? మన పిల్లలూ టిక్కెట్టు కొని ఈలలు వేసినవారే. తెలుగు తెరపై ఉగ్రవాదిగానో, నాయకుని కోసం ప్రాణమిచ్చే స్నేహితునిగానో తప్ప తమను తాము చూసుకోలేని ఆ పిల్లల పక్షాన దర్శక నిర్మాతలను మేము నిలదీస్తున్నాము: మాట ఇచ్చిన అస్లం ఖాన్‌ను మాహిష్మతికి మళ్లీ ఎప్పుడు పిలుస్తారు?