బరువు పెరిగిందని బరువులు మానకండి

"డాక్టరుగారూ, బరువులు ఎత్తడం మొదలుపెట్టి నెలయింది. తగ్గకపోగా రెండు పౌన్లు పెరిగాను!" మనవాళ్ళు నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది. కొందరైతే జిమ్ముకి వెళ్ళడమే మానేస్తున్నారు. నా బాధంతా అదే.

మొదటి వారాల్లో పెరిగేది చాలావరకు నీరే. కొత్త శ్రమకి కండరాల్లో కొద్దిపాటి వాపు వచ్చి నీరు చేరుతుంది. కండరం గ్లైకోజెన్ అనే పిండిపదార్థాన్నీ దాచుకుంటుంది. గ్రాము గ్లైకోజెన్‌తోపాటు సుమారు 3 గ్రాముల నీరుంటుంది. అసలు కండ పెరగడానికి నెలలు పడుతుంది. లీటరు కొవ్వు సుమారు 900 గ్రాములు తూగితే, లీటరు కండ 1,060 తూగుతుంది. అందుకే తూకం మారకపోయినా నడుం తగ్గవచ్చు.

మనకిది మరీ ముఖ్యం. అంతే బరువున్న యూరోపు సంతతివారితో పోలిస్తే సాధారణంగా మన ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. భోంచేశాక రక్తంలోని చక్కెరను ఎక్కువగా పీల్చుకునేది కండరమే. సన్నగా కనిపించే మనవాళ్ళకీ మధుమేహం రావడానికి ఇదొక కారణం.

కాబట్టి రోజూ తూకం చూసుకోకండి. నెలకోసారి టేపుతో నడుం కొలుచుకోండి. మగవారికి 35, ఆడవారికి 31 అంగుళాల లోపుంటే మేలు. అన్నం ఓ గరిటె తగ్గించి పప్పు, పెరుగు పెంచండి. కాళ్ళు వాచినా, ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే డాక్టరుకి చూపించండి.

పిల్లలూ, అమ్మానాన్నల కొలతలు కాలెండరుమీద రాసే బాధ్యత మీదే!