ఆవిరి ఇస్త్రీ పెట్టె : కొనే ముందు, వాడే ముందు



శనివారము సాయంత్రము మన పల్లెల్లో చాలా ఇండ్లలో ఒకే పని కనబడుతుంది. మరునాడు గుడికి కట్టుకొనే తెల్లచీర, పెద్దాయన పంచె, పిల్లల చొక్కాలు, గౌన్లు అన్నీ ఒకచోట చేర్చి ఇస్త్రీ చేసుకొనుట. ఒకప్పుడు ఇందుకు బొగ్గుల పెట్టె ఉండేది. అది లేనివారు ఇత్తడి చెంబులో నిప్పులు పోసి బట్ట మీద రుద్దేవారు. అదీ కుదరనివారు బట్టలు మడతపెట్టి పరుపు క్రింద పెట్టేవారు. తర్వాత కరెంటు పెట్టె వచ్చింది. ఇప్పుడు పెండ్లి కానుకగానో, పండుగ తగ్గింపు ధరలోనో ఆవిరి పెట్టె, అనగా స్టీమ్ ఐరన్, మన ఇండ్లకు వస్తున్నది. ఈ నెల దానిని గూర్చి తెలిసికొందాము.

ఒక మాట ముందే చెప్పవలెను. ఆవిరి పెట్టె మంచి వస్తువే. అయితే ఇంట్లో మూడు సంగతులు సరిగా ఉన్నప్పుడే అది మేలు చేస్తుంది. ఎర్తు ఉన్న ప్లగ్గు, ఉప్పు సున్నము లేని నీళ్ళు, పని ఆగిన వెంటనే ప్లగ్గు తీసే అలవాటు. ఇవి కుదిరే వరకు దానిని కొనకుండుటే మంచిది.

ఆవిరి చేసే పని ఏమిటి?

నూలు బట్టలోని సన్నని పోగులు ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి. బట్ట నలిగినప్పుడు ఆ పట్టు వంకరగా బిగుస్తుంది. తడి తగిలితే అది వదులవుతుంది. పెట్టె వేడి, బరువు కలిసి దానిని చదును చేస్తాయి. తడి ఆరేసరికి ఆ చదును అలాగే నిలిచిపోతుంది. మన అమ్మమ్మలు వ్రేళ్ళతో నీళ్ళు చిలకరించి, బట్టను చుట్టగా చుట్టి కాసేపు ఉంచి, ఆ తర్వాత రుద్దేది ఇందుకే.

ఆవిరి పెట్టె ఆ చిలకరింపును తనలోనే పెట్టుకొన్నది. లోపలి చిన్న తొట్టిలో నుండి నీళ్ళు చుక్కచుక్కగా కాలిన పలక మీద పడి, ఆవిరియై, క్రింది రంధ్రములలో నుండి బయటకు వస్తాయి. దీనివలన తడి అంతటా సమానముగా తగులుతుంది, పని త్వరగా అవుతుంది. కోట్లు, ఉన్ని బట్టలు, కుచ్చుల గౌన్లు, తలుపు తెరలు మొదలైనవాటికి ఇది చాలా అనుకూలము. వారానికి నాలుగైదు నూలు బట్టలు మాత్రమే చేసుకొనే ఇంట్లో మాత్రము మామూలు పెట్టె, గిన్నెడు నీళ్ళు చాలు. మడత అంతే చక్కగా నిలుస్తుంది.

కొనేటప్పుడు చూడవలసినవి

మొదట వాట్లు చూడండి. మామూలు పెట్టెలు సాధారణముగా 750 నుండి 1000 వాట్ల వరకు ఉంటాయి. ఆవిరి పెట్టెలు 1200 మొదలు 2000 వాట్లు, కొన్ని అంతకు మించి కూడా ఉంటాయి. మన గదుల్లో ఫ్యానుకు, టీవీకి పెట్టే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. 230 ఓల్టుల దగ్గర అది మోయగలిగినది 1380 వాట్లు మాత్రమే. అంతకంటే పెద్ద పెట్టెను దానిలో పెడితే సాకెట్టు వేడెక్కుతుంది, నల్లబడుతుంది, కొన్నాళ్ళకు కాలిపోతుంది. 2000 వాట్ల పెట్టెకు పెద్ద సాకెట్టు, అనగా 16 ఆంపియర్లది, దానికి తగిన లావు వైరు కావలెను. ఇంట్లో చిన్న సాకెట్లు మాత్రమే ఉంటే 1250 వాట్లకు మించినది కొనవద్దు. టీవీ వెనుక వాడే సన్నని తీగల జంక్షన్ బాక్సులో ఇస్త్రీ పెట్టె ఎన్నడూ పెట్టరాదు.

రెండవది ఓల్టేజి. సాయంత్రము అందరూ మోటార్లు, దీపములు వేసినప్పుడు కొన్ని ఊళ్ళలో కరెంటు 180 ఓల్టులకు పడిపోతుంది. అప్పుడు 1250 వాట్ల పెట్టె ఇచ్చే వేడి సుమారు 765 వాట్లు మాత్రమే. పలక చాలినంత కాలదు గనుక నీళ్ళు ఆవిరి కాకుండ చుక్కలుగా బట్ట మీద కారతాయి. పెట్టె చెడిపోయినదని దుకాణమువానితో తగవు పెట్టుకొనే ముందు ఓల్టేజి చూచుకొనండి. మీ ఊళ్ళో కరెంటు ఉదయము బాగుంటే ఇస్త్రీ పని ఉదయమునకు మార్చుకొనండి.

మూడవది ఐ.ఎస్.ఐ. గుర్తు. ఇస్త్రీ పెట్టెలకు మన దేశపు ప్రమాణము ఐ.ఎస్. 366. ఆ గుర్తు పెట్టె మీదనే ఉండవలెను, అట్ట మీద మాత్రమే ఉంటే చాలదు. ఎత్తి చూచి చేతికి బరువు తగినట్లున్నదా, నీళ్ళ తొట్టిలో ఎంత నీరున్నదో బయటికి కనబడుచున్నదా, లోపల శుభ్రము చేసే బొత్తాము ఉన్నదా, మరమ్మత్తు చేసేవారు దగ్గరి పట్టణములో ఉన్నారా అని అడగండి. గ్యారంటీ కార్డు మీద దుకాణము ముద్ర, తేదీ వేయించుకొనుట మరువవద్దు.

ఎర్తు లేనిదే పెట్టె ముట్టవద్దు

ప్లగ్గుకు మూడు పిన్నులుంటాయి. పైన లావుగా, పొడవుగా ఉన్నది ఎర్తు పిన్ను. పెట్టె లోపల ఎక్కడైనా తీగ పైపొర కాలి లోహమునకు తగిలితే పెట్టె అంతటా కరెంటు వస్తుంది. ఎర్తు ఉంటే ఆ కరెంటు భూమిలోనికి పోతుంది, ఫ్యూజు కొట్టివేస్తుంది. ఎర్తు లేకపోతే ఆ కరెంటు మన చేతి గుండ, చెప్పులు లేని పాదముల గుండ తడి నేలలోనికి పోతుంది. మామూలు పెట్టెకే ఈ ప్రమాదమున్నది. లోపల నీళ్ళు పెట్టుకొన్న పెట్టెకు మరింత ఉన్నది.

అయినను ఎన్నో ఇండ్లలో సాకెట్టుకు మూడు రంధ్రములు కనబడతాయి, వెనుక తీగలు మాత్రము రెండే ఉంటాయి. కొందరు ఆ పై పిన్ను అడ్డమని విరిచి వేస్తారు. ఇస్త్రీ చేసేది ఎక్కువగా స్త్రీలు, ఎలక్ట్రీషియన్‌ను పిలిచేది పురుషులు. కాబట్టి ఇంటి యజమానులు ఇది తమ పనిగా ఎంచవలెను. భార్య చీరకు ఖర్చు పెట్టగలిగినవాడు ఆమె ప్రాణము కొరకు ఎర్తు గుంట త్రవ్వించలేడా? గొట్టము గాని పలక గాని పాతి, బొగ్గు, ఉప్పు వేసి చేసే ఎర్తు పెద్ద ఖర్చు కాదు. వేసవిలో ఆ గుంటలో అప్పుడప్పుడు నీళ్ళు పోస్తుండవలెను. నేల ఎండితే ఎర్తు సరిగా పనిచేయదు.

వీలైనవారు మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకొనండి. కరెంటు ప్రక్కదారి పట్టగానే అది రెప్పపాటులో సరఫరా ఆపివేస్తుంది. దాని మీద ఉండే టెస్టు బొత్తామును అప్పుడప్పుడు నొక్కి, పనిచేస్తున్నదో లేదో చూస్తుండండి.

పెట్టె ముట్టుకొన్నప్పుడు చేతికి జిల్లుమన్నదా? అది మొదటి హెచ్చరిక. రబ్బరు చెప్పులు వేసికొని పని సాగించవద్దు. మెయిన్ ఆపి, ఆ తర్వాత ప్లగ్గు తీసి, బాగు చేయించిన తరువాతనే మరల ముట్టండి.

ఏ నీళ్ళు పోయవలెను?

బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని పొర కట్టుట మీరు చూచియుంటారు. అదే పొర పెట్టె లోపల కట్టి రంధ్రములను మూసివేస్తుంది. తర్వాత అది ఊడి తెల్లచీర మీద మరకలుగా పడుతుంది. కాబట్టి ముందు పెట్టెతో వచ్చిన కాగితము చదివి, కంపెనీవారు చెప్పిన నీళ్ళే పోయండి. ప్రత్యేకముగా ఏమీ చెప్పకపోతే శుద్ధి చేసిన త్రాగునీరు మంచిది. అది దొరకకపోతే బోరు నీళ్ళు బాగా మరిగించి, చల్లార్చి, పైన తేరినవి వడకట్టి వాడితే పొర కొంత తగ్గుతుంది. గంజి, అత్తరు, సెంటు తొట్టిలో పోయరాదు. బ్యాటరీ యాసిడ్ ఉన్న సీసాను నీళ్ళ సీసా అనుకొని పొరబడకుండునట్లు దానిని వేరుగా దాచండి.

నీళ్ళు పోసేటప్పుడు ప్లగ్గు తీసి ఉండవలెను. పని అయిన తర్వాత మిగిలిన నీళ్ళు పారబోసి, పెట్టెను నిలువుగా నిలబెట్టి చల్లారనివ్వండి. వేడిగా ఉన్నప్పుడు వైరు దానికి చుట్టవద్దు.

ఏ బట్టకు ఎంత వేడి?

బట్ట లోపలి చీటీ మీద ఇస్త్రీ పెట్టె బొమ్మలో చుక్కలుంటాయి. ఒక చుక్క అంటే సుమారు 110 డిగ్రీలు. నైలాను వంటివాటికి అది చాలు. రెండు చుక్కలు 150 డిగ్రీలు. ఉన్ని, పట్టు, టెరికాటన్ ఈ కోవలోనివి. మూడు చుక్కలు 200 డిగ్రీలు, నూలు బట్టలకు. పెట్టె కాలినంత త్వరగా చల్లారదు గనుక తక్కువ వేడి బట్టలతో మొదలుపెట్టి నూలు బట్టలతో ముగించండి. ఒక చుక్క దగ్గర ఆవిరి పెట్టవద్దు, నీళ్ళు కారుతాయి.

ధర్మవరము, పోచంపల్లి పట్టుచీరలను తిరగవేసి, పైన పలుచని నూలు గుడ్డ పరచి రుద్దండి. నీటి చుక్క పడితే పట్టు మీద మచ్చ నిలిచిపోవచ్చు. చంకీలు, రబ్బరు బొమ్మల అచ్చులు ఉన్నచోట కాలిన పలక తగలనీయవద్దు. మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలకు గంజి పెట్టినప్పుడు అది పలకకు అంటి గోధుమరంగు పొర కడుతుంది. చల్లారిన తర్వాత తడిగుడ్డతో తుడవండి, బ్లేడుతో గీకవద్దు. ఏ బట్టనైనను ఇస్త్రీ కాగానే మడవకుండ ఐదు నిమిషములు దండెము మీద వేయండి. మిగిలిన తడి ఆరితే గాని మడత నిలువదు.

కరెంటు పోయినప్పుడు

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. ఇస్త్రీ మధ్యలో కరెంటు పోతుంది. చీకట్లో పెట్టెను బట్ట మీదనే వదలి, స్విచ్చి ఆపకుండ బయటికి వెళ్ళి కూర్చుంటాము. మాటల్లో పడి మరచిపోతాము, నిద్రపోతాము. అర్ధరాత్రి కరెంటు వస్తుంది. పెట్టె తనంతట తానే కాలుతుంది. క్రింద దుప్పటి, దాని క్రింద పరుపు, ప్రక్కనే తడికె గోడ. మిగిలినది చెప్పనవసరము లేదు.

అందువలన ఇంట్లో ఒక నియమము పెట్టుకొనండి. కరెంటు పోగానే మొదటి పని స్విచ్చి ఆపి ప్లగ్గు తీయుట, దీపము వెదకుట ఆ తరువాత. పిల్లలకు కూడ నేర్పండి. వాళ్ళు మనకు గుర్తు చేస్తారు. కొంతసేపు కదపకపోతే తానే ఆగిపోయే పెట్టెలు కూడ ఇప్పుడు వస్తున్నవి. చేతిలో డబ్బు కొంచెము ఎక్కువుంటే రంగులకు, ఆర్భాటమునకు కాక ఈ సదుపాయమునకు ఇవ్వండి.

పిల్లలున్న ఇంట్లో వైరు బల్ల అంచున వ్రేలాడనీయరాదు. ప్రాకే బిడ్డ దానినే పట్టుకొని లాగుతుంది. ఒంటి మీద ఉన్న బట్టకు ఆవిరి పట్టవద్దు.

చేయి కాలితే గాజులు, ఉంగరము తీసివేసి, 20 నిమిషములు చల్లని నీటి ధార క్రింద ఉంచండి. టూత్‌పేస్టు, సిరా, నూనె, ఐసుగడ్డ ఏదియు పెట్టవద్దు. బొబ్బ చిదపవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పండి. కాలినది అరచేయి కంటె పెద్దదైనా, ముఖము మీద, కీళ్ళ మీద అయినా, చంటిబిడ్డకైనా వెంటనే వైద్యుని యొద్దకు తీసికొనిపోండి. ఎవరినైనా కరెంటు పట్టుకొంటే వారిని ముట్టుకొనక మొదట మెయిన్ ఆపండి. అది వీలు కాకపోతే పొడి కర్రతో వైరును ప్రక్కకు నెట్టి 108కి ఫోను చేయండి.

చివరిగా ఒక మాట. ఊళ్ళో ఇస్త్రీ బండి పెట్టుకొన్న అన్న ఉంటే పెద్ద చీరలు, పంచెలు అతనికే ఇచ్చుట నష్టము కాదు. అతనికి పని, మీకు తీరిక. ఇంట్లోనే చేసికొనదలచితే ఈ వారము పెట్టె ముట్టకముందు రెండు నిమిషములు తీసికొని ప్లగ్గు పై పిన్ను చూడండి, వైరు ఎక్కడైనా చిట్లినదేమో చూడండి, సాకెట్టు వెనుక మూడవ తీగ ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ఆ మూడు సరిగా ఉన్నప్పుడే పెట్టెలో నీళ్ళు పోయండి.