అంపైరు ఎవరివాడు?

మొన్న ఆదివారం మా నాందేడులో ఒక కాలేజీ మైదానం గట్టున కూర్చుని క్రికెట్టు మ్యాచి చూశాము. మా వీధి తెలుగు కుర్రవాడొకడు రెండో పరుగుకు పోయి రనౌటయ్యాడు. వేలెత్తిన అంపైరు అవతలి కాలేజీ మాస్టారు. "చూశారా, పక్షపాతం!" అని కుర్రవాడి తండ్రిగారు లేచారు. ఎవరి సెల్‌ఫోనులోనో ఆ ఘట్టం పడిందట. ఇరుపక్షాలవారూ మూగి నాలుగు మార్లు వేసి చూశారు. మనవారికి బ్యాటు గీత దాటింది, వారికి దాటలేదు. మాకంటారా? నిజం చెప్పవద్దూ, ఫోను మా చేతికి రాకముందే దాటిందని నిశ్చయించుకున్నాము.

కాలేజీ ఆటల్లో ఈ తగవు అమెరికాలో మరీ ముదిరింది. అక్కడ కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఒక కూటమిగా ఏర్పడతాయి. ఆటకు తీర్పరులనూ ఆ కూటమే పంపుతుంది. 2006 సెప్టెంబరు 16న ఆరెగాన్ తన మైదానంలో ఓక్లహోమాతో ఫుట్‌బాల్ ఆడింది. మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆట. చివరి ఘడియల్లో ఆరెగాన్‌వారు బంతి తన్నారు. అది పది గజాలు పోకముందే వారి ఆటగాడే తాకాడు. అది నియమవిరుద్ధం. పైగా బంతి దొరికింది ఓక్లహోమావాడికి. అయినా ఆరెగాన్‌కే ఇచ్చారు. రీప్లే చూసే అధికారులూ దిద్దలేదు. ఆరెగాన్ 34–33తో గెలిచింది. తీర్పరులందరూ ఆరెగాన్ ఉన్న కూటమివారే! తరువాత ఆ కూటమే తప్పు ఒప్పుకుని వారిని ఒక ఆటకు సస్పెండు చేసింది. ఆ ఆటను లెక్కలోంచి తీసివేయాలని ఓక్లహోమా విశ్వవిద్యాలయాధ్యక్షుడు డేవిడ్ బోరెన్ కోరాడు. ఫలితం మాత్రం మారలేదు.

వారు కావాలని చేశారని మేమనము. కాని ఆఫీసులో మేము ఏళ్ళ తరబడి చూస్తున్నదే: లెక్క తనిఖీ చేసేవాడు ఆ శాఖవాడే అయితే, లెక్క సరిగా ఉన్నా ఎవరూ నమ్మరు.

క్రికెట్టులో ఈ సంగతి గ్రహించినవాడు ఇమ్రాన్ ఖాన్. స్వదేశపు అంపైర్లన్న నింద ఎందుకని, 1986 నవంబరులో వెస్టిండీస్‌తో లాహోర్ టెస్టుకు బయటివారిని పిలిపించాడు. వెళ్ళినవారెవరు? మన హైదరాబాదు వి.కె. రామస్వామి, బొంబాయి పిలూ రిపోర్టర్. ఆ టెస్టులో పాకిస్తాన్ ఇన్నింగ్సు తేడాతో ఓడిపోయింది కూడాను. టీ.వీ. చూసి తీర్పు చెప్పే మూడో అంపైరు 1992లో గాని రాలేదు. ముందు మనిషిని మార్చారు, తరువాతనే యంత్రం వచ్చింది.

ఇదంతా ఎందుకంటే, వచ్చే మ్యాచికి మమ్మల్ని అంపైరుగా నిలబడమని ఆ తండ్రిగారు ఇంటికి వచ్చి అడిగారు. "మీరైతే మనవారు గదా" అన్నారు. అందుకే వద్దన్నాము. రెండు కాలేజీలకూ చెందనివారిని పర్భణీనుంచి పిలిపిస్తే, బస్సు చార్జీ, టిఫిను ఖర్చు మేము పెట్టుకుంటామన్నాము.

ఆయన కాఫీ సగంలోనే వదిలి లేచారు. రోజూ పొద్దున్నే మా ఇంటికి పేపరు చూడ వచ్చేవారు. నాలుగు రోజులుగా రావడం లేదు.