దంతవైద్యుని కుర్చీలో గుండె ఆగినచో

1846లో బోస్టన్ నగరమున ఈథరుతో నొప్పి తెలియని శస్త్రచికిత్సను లోకమునకు చూపిన విలియం మోర్టన్ దంతవైద్యుడే. అట్టి వృత్తివారి గదిలోనే రోగి గుండె ఆగినచో? నాలుగైదు నిమిషములలోనే మెదడు చెడనారంభించును. అంబులెన్సు అంతలో రాకపోవచ్చును. కుర్చీని బల్లపరుపుగా వాల్చి, కదలకుండ తలవైపు క్రింద స్టూలు నిలిపి, ఛాతీ నడుమ నిమిషమునకు 100 నుండి 120 మార్లు, కనీసము 5 సెంటీమీటర్ల లోతున నొక్కవలెను. ఇది చదివినంతనే చేతికి రాదు. (పన్ను తీయుట మాత్రము పుస్తకముతో వచ్చినదా?) మూలనున్న ఆక్సిజన్ సిలిండరును తిప్పుట సహాయకునికి తెలియనిచో అది అలంకారమే. కళాశాలనాటి శిక్షణ చాలునను వాదమును మేము అంగీకరింపము. డాక్టరు, సహాయకుడు ఏటేటా కలిసి అభ్యసింపవలెను. ఆ ధ్రువపత్రము లేనిదే రిజిస్ట్రేషను పునరుద్ధరింపరాదని మా అభిప్రాయము.