ఆ ‘అందరి’లో ఆమె ఉందా?

యూనివర్సిటీ కాలేజీ గేటుకి ఓ బ్యానరు కట్టి ఉంటుంది. ఫలానా ప్రొఫెసరుగారి ఉపన్యాసం, సాయంత్రం ఆరు గంటలకు, సెమినార్ హాల్లో. అడుగున చిన్న అక్షరాల్లో ‘అందరూ ఆహ్వానితులే’ అని. కూరల సంచీతో ఆ దారినే వెళ్లే ఇల్లాలు ఒక్క క్షణం ఆగి చదువుతుంది. డిగ్రీ రెండో ఏడులో పెళ్లయి, చదువు ఆపేసిన మనిషి. వినాలనే ఉంటుంది. ‘ఆరింటికా! ఇంకెక్కడ వెళ్తాంలే’ అనుకుని ముందుకి కదులుతుంది.

ఇంతకీ ఆ ‘అందరి’లో ఆమె ఉన్నట్టా, లేనట్టా?

ఓ ఉపన్యాసం వినకపోతే ఏం కొంప మునిగింది అనకండి. ఆడవాళ్ల చదువుకి తలుపు తీసినవాటిలో ఉపన్యాసాలూ ఉన్నాయి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి సంగతే చూడండి. 1870లో అక్కడ స్త్రీల కోసం ప్రత్యేకంగా ఉపన్యాసాలు మొదలయ్యాయి. పై ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఉండేదెక్కడ అన్న ప్రశ్న వచ్చింది. 1871లో హెన్రీ సిడ్జ్‌విక్ ఓ ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఐదుగురు అమ్మాయిలు చేరారు. వాళ్ల బాగోగులు యాన్ క్లఫ్ చూసుకున్నారు. ఆ అద్దె ఇల్లే పెరిగి పెరిగి న్యూన్‌హామ్ కాలేజీ అయింది. అయినా ఆ విశ్వవిద్యాలయం మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లకు డిగ్రీలిచ్చింది 1948లోనే. విననివ్వడం వేరు, మనలో ఒకరని ఒప్పుకోవడం వేరు మరి!

మన దగ్గరా 1902లోనే మచిలీపట్నంలో బండారు అచ్చమాంబ స్త్రీ సమాజం పెట్టారు. కాలేజీ గడప తొక్కే వీల్లేని ఆడవాళ్లు ఒకచోట చేరి మాట్లాడుకోవడం అప్పట్లో ఎంత సాహసం! 1924లో హైదరాబాదులో ఉస్మానియా మహిళా కళాశాల వచ్చింది. కోఠీ రెసిడెన్సీ భవనంలో తరతరాల ఆడపిల్లలు చదువుకున్నారు. 2022లో అది విశ్వవిద్యాలయమే అయింది. సంతోషమే. కాలేజీ గేట్లు కూతుళ్లకు తెరుచుకున్నాయి. మరి టిఫిన్ బాక్సు కట్టి ఆ కూతుర్ని పంపే తల్లికో?

ఆమెను పిలవడానికి కోట్లు ఖర్చు పెట్టక్కర్లేదు. నెలకొక్కసారైనా ఉపన్యాసం ఉదయం పదకొండింటికో, మధ్యాహ్నం రెండింటికో పెట్టండి. ఉద్యోగాలు చేసేవాళ్ల కోసం ఓ ఆదివారం పెట్టండి. తెలుగులో మాట్లాడించండి. సన్మానాలూ, శాలువాలూ తగ్గించి, అసలు విషయం గంటలో ముగించండి. చంటిపిల్లల తల్లి వస్తే కసురుకోకుండా పక్కగదిలో ఓ చాప పరవండి. మరుగుదొడ్డికి తాళం వెయ్యకండి. మైకు ముందు నిలబడి అడగడానికి బెరుకుపడేవాళ్లుంటారు. చీటీ మీద రాసిచ్చే వీలుంటే వాళ్లూ ప్రశ్నిస్తారు. ఏడాదికో రోజు లేబొరేటరీ, లైబ్రరీ చుట్టుపక్కలవాళ్లకు చూపించండి. మన పన్నుల డబ్బుతో నడిచే కాలేజీలో మన పిల్లలు ఏం చదువుతున్నారో మనకూ తెలియాలి కదా!

కాలేజీవాళ్లకు చెప్పి ఊరుకుంటే సరిపోదు. ఇంట్లోవాళ్లకూ ఓ మాట. ఆ పూట కుక్కరు పెట్టడం, పిల్లాడి చేత హోంవర్కు చేయించడం మగవాళ్లకు చేతకాని విద్యలేం కావు. ‘నీకెందుకవన్నీ’ అనే మాటొక్కటి మింగేస్తే చాలు, సగం దారి దాటినట్టే.

ఇక మనం. ‘మనకేం అర్థమవుతుందిలే’ అని వెనక్కి తగ్గడం మానేద్దాం. ఒక్కరే వెళ్లాలంటే బెరుకుగా ఉంటే పక్కింటావిడను తోడు తీసుకెళ్దాం. వెనక వరుసలో కాదు, ముందే కూర్చుందాం. ఈసారి గేటు దగ్గర ఆ బ్యానరు కనిపిస్తే లోపలికెళ్లి ఒక్క ప్రశ్న వేసి రండి: “అందరినీ పిలిచారు సరే, మేము రాగలిగే వేళకి ఎప్పుడు పెడతారు?”